అవతలి ఒడ్డు మనిషి

"ఏమన్న వచ్చిందా బిడ్డా?"

సుభాషిణి కళ్లు తెరిచేసరికి అత్త దీనమ్మ మంచం పక్కన నిలబడి ఉంది. చేతిలో చాయ్ గ్లాసు, ముక్కు మీద కళ్లజోడు. బైబిల్ చదివేటప్పుడు తప్ప ఆమె కళ్లజోడు పెట్టదు. ఇప్పుడు కోడలి ముఖం చదువుతోంది.

"రాలేదత్తమ్మా."

"జర యాది చేసుకో. కొన్ని కలలు లేవంగనె యాదికి రావు. మొఖం కడుక్కున్నంక వస్తయి."

"వస్తే చెప్త."

"నీళ్లు గాని, ఊరు గాని, మనుషులు గాని... ఏం కనపడలేదా?"

"కుక్కర్ విజిల్ ఏసినట్టు కల వచ్చింది. పప్పు మాడిపోయింది."

ఇంకో ఇంట్లో అయితే అత్త నవ్వేది, లేదా తిట్టేది. దీనమ్మ రెండూ చేయలేదు. మంచం అంచున కూర్చుని ఆ విజిల్ గురించి ఆలోచనలో పడింది. విజిల్ అంటే బూర లాంటిదే కదా, బూర అంటే దేవదూతలు ఊదేదే కదా అని ఆమె పెదవులు చిన్నగా కదిలాయి. మాడిన పప్పు దగ్గరికి వచ్చేసరికి ఆ ఆలోచన ముందుకు సాగలేదు. నిట్టూర్చి, చాయ్ గ్లాసు కోడలి చేతిలో పెట్టి బయటికి నడిచింది.

తలుపు అవతల కాచుకుని ఉన్న కొడుకు కరుణాకర్‌కు ఆమె తల అడ్డంగా ఊపడం సుభాషిణికి కనపడుతూనే ఉంది.

ఆదివారం నుంచి దేశాయిపేటలోని ఆ ఇంట్లో ఇదే తంతు.

ఆ ఆదివారం పాస్టర్ సారంగపాణి భార్యాభర్తలిద్దరినీ సంఘం ముందు నిలబెట్టాడు. తాత పెట్టిన పేరును వదులుకోని పాస్టరు ఆయన. పేరులో విల్లు ఉన్నా మనిషి మాత్రం మెత్తన. ఆఫ్రికాలోని మలావీ దేశానికి సువార్త పనికి వెళ్లమని దేవుడు తనను ఎలా పిలిచాడో కరుణాకర్ చెప్తుంటే సంఘమంతా కళ్లు తుడుచుకుంది. కన్వెన్షన్ పందిట్లో మోకాళ్ల మీద కునుకు పట్టిందట. ఆ కునుకులో ఒక పెద్ద సరస్సు, దాని ఒడ్డున పలకలు పట్టుకున్న పిల్లలు. లెక్కల మాస్టారు కాబట్టి పలకల మీద ఏం రాసి ఉందో కూడా చూశాడు. అన్నీ తప్పు లెక్కలేనట.

తరువాత పాస్టర్ సుభాషిణి వైపు తిరిగి, "నీకు కూడ పిలుపు కలిగిందా అమ్మా?" అని అడిగాడు.

పెళ్లిలో "ఈ వివాహం నీకు సమ్మతమేనా" అని అడిగినట్టే అది కూడా. ఏం చెప్పాలో అందరికీ తెలుసు. కలిగింది అనాలి, అందరూ స్తోత్రం అనాలి, కూర్చోవాలి.

"నాకు రాలేదు అయ్యగారూ" అంది సుభాషిణి.

అలవాటు కొద్దీ సగం మందిరం "స్తోత్రం" అనేసింది. ఆ తరువాత ఏమన్నారో అర్థమై చప్పున నోళ్లు మూసుకున్నారు.

పంపించే మిషన్ బోర్డు వాళ్ల నియమం ఒకటుంది. భర్త పిలుపు మీద భార్యను పంపరు. ఆమె పిలుపు ఆమె నోటి నుంచి సంఘం ముందు రావాలి. పైగా అక్కడి దవాఖానకు కావలసింది నర్సు, అంటే సుభాషిణి. ఆమె వెళ్లకపోతే కరుణాకర్ కూడా వెళ్లనట్టే. పాస్టర్ కాసేపు ఆలోచించి, "వచ్చే ఆదివారం దాక దేవుణ్ని అడుగమ్మా, మేమందరం నీ కోసం అడుగుతం" అన్నాడు. సంఘంలో చాలామందికి పిలుపు కలలోనే వచ్చింది గనక, అందరూ సుభాషిణికి కల రావాలని ప్రార్థన మొదలుపెట్టారు.

పగలంతా ప్రార్థన చేసి వదిలేస్తే బాగుండేది. దీనమ్మ మంచాన్ని తూర్పుకు తిప్పించింది. వంకాయ వండడం మానిపించింది. కడుపు బరువైతే వచ్చే కలలు దేవునివి కావని ఆమె నమ్మకం. పడుకునే ముందు పాలు, దిండు కింద బైబిల్. పదేళ్ల కూతురు కెజియా ఇంట్లో మునివేళ్ల మీద నడుస్తోంది. దవాఖాన డ్యూటీ చేసి వచ్చి దిండు మీద తల పెడితే చాలు నిద్రపోయే మనిషికి, ఇంతమంది కలిసి నిద్రపుచ్చేసరికి నిద్రే రావడం మానేసింది.

హాల్లో కరుణాకర్ సూట్‌కేసును తూకపు కొక్కేనికి తగిలించి ఎత్తుతున్నాడు. దించుతున్నాడు. అందులోంచి ఆవకాయ డబ్బా తీసి పక్కన పెట్టి మళ్లీ ఎత్తుతున్నాడు. ఆ డబ్బాను రాత్రి కూడా తీశాడు, తెల్లారి మళ్లీ పెట్టాడు.

"అది మీ అమ్మ పెట్టింది. తీస్తే బాధ పడతది" అంది సుభాషిణి.

"అసలు పోతే కద. తీసుడెందుకు, పెట్టుడెందుకు."

ఆయన ఆమె వైపు చూడలేదు. ఆదివారం నుంచి చూడడం లేదు. మాట్లాడవలసిన మాటలన్నీ సూట్‌కేసుతోనే మాట్లాడుతున్నాడు.

"కలిగింది అంటే అయిపోతుండె" అన్నాడు.

"అబద్ధం చెప్పాల్నా? మందిరంల నిలబడి?"

"అబద్ధమని ఎవలన్నరు? నాతోటి వస్తనని పెండ్లినాడు ప్రమాణం చేసినవు. అదే పిలుపు అనుకోరాదు?"

"నీతోటి వస్త. ఎక్కడికైన వస్త. అయ్యగారు అది అడగలే కద. దేవుడు నీకు చెప్పిండా అని అడిగిండు. నాకు నువ్వు చెప్పినవు. దేవుడు చెప్పలే."

కరుణాకర్ కొక్కెం పక్కన పెట్టాడు.

"మూడేండ్ల సంది అనుకుంటానం ఈ ముచ్చట. నౌకరి ఇడిసిపెట్టిన. ఇల్లు ఖాళీ చేస్తమని చెప్పిన. ఒక్కనాడు వద్దన్నవా నువ్వు?"

"ఒక్కనాడు అడిగినవా నువ్వు?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. దీనమ్మ వింటోందని ఇద్దరికీ తెలుసు. కెజియా మునివేళ్ల మీద వచ్చి, ఫ్రిజ్ మీది సీసా అందుకుని, నాన్న ఇచ్చిన గ్లాసులో పోసుకుని, "జికోమో" అంది. మలావీ భాషలో కృతజ్ఞతలు చెప్పడం ఫోన్ చూసి నేర్చుకుంది. ఇంట్లో నీళ్లిచ్చినా, దువ్వెన ఇచ్చినా అదే మాట.

ఆ చిన్న మాటకు కరుణాకర్ ముఖం ముడుచుకుపోవడం సుభాషిణి చూసింది. ఆమెకు ఆ మనిషంటే ప్రేమ. ఆ సరస్సునూ, ఆ తప్పు లెక్కల పిల్లలనూ ఆయన ఎంత నమ్మాడో ఆమెకంటే ఎవరికీ ఎక్కువ తెలియదు. ఒక్క కల ఎక్కడైనా అమ్ముతుంటే, కాజీపేట పోయి అయినా కొనుక్కొచ్చేది.

*

శుక్రవారం మధ్యాహ్నం బట్టలు పిండి ఆరేసి, వెనక వసారాలో గడప పక్కనే చాప వేసుకుని నడుం వాల్చింది. దిండు లేదు, దిండు కింద బైబిల్ లేదు. తూర్పో పడమరో చూసుకోలేదు. తీగ మీది చీరల నుంచి నీళ్లు ఒక్కో చుక్కా నేల మీద పడుతున్నాయి. ఆ చప్పుడు వింటూ వింటూ ఉంది.

ఆ చుక్కలే వాగు అయ్యాయి.

ఎర్రటి నీళ్లు. పారడం లేదు, ఆరేసిన చీరలా నిశ్చలంగా ఉన్నాయి. గాలిలో ఇప్పపూల వాసన, తియ్యగా, కొంచెం మత్తుగా. ఇప్పపూలు రాలేది ఎండలు ముదిరేటప్పుడు, వాగు నిండేది వానకాలంలో. కలలో మాత్రం రెండూ ఒకేసారి ఉన్నాయి, అది వింతగా కూడా అనిపించలేదు. సుభాషిణి ఒంటి మీద పాత తెల్లచీర ఉంది. భుజాన నర్సు సంచి ఉంది, అందులో ఏమీ బరువు లేదు.

అవతలి ఒడ్డున ఒక మనిషి నిలబడి ఉంది. కొంగు నడుముకు చెక్కుకుని, మోకాళ్ల దాకా తడిసి. ఆమె వెనక టేకాకుల నీడలో ఇంకా చాలామంది ఆడవాళ్లు ఉన్నారు. కొందరి చంకల్లో పిల్లలు. ఎవరూ మాట్లాడడం లేదు. ఆ మనిషి చెయ్యెత్తి, రా అన్నట్టు ఊపింది. నోరు కదిలింది గానీ చప్పుడు రాలేదు. చప్పుడు కాసేపటికి, నీళ్ల మీదుగా తెప్పలా తేలుకుంటూ వచ్చింది.

"నర్సమ్మా..."

సుభాషిణి నీళ్లలో కాలు పెట్టింది. గోరువెచ్చగా ఉన్నాయి. భయం వేయలేదు. ఇంత సుఖం తనకు ఎప్పుడు కలిగిందో గుర్తు తెచ్చుకోబోయింది. అప్పుడే మెలకువ వచ్చింది.

చెంపలు తడిగా ఉన్నాయి. తలుపు దగ్గర దీనమ్మ ఉంది.

"వచ్చిందా?"

సుభాషిణి లేచి కూర్చుంది. ఇంకా సగం వాగులోనే ఉంది. దాచుకోవాలనే ఆలోచన కూడా రాలేదు.

"నీళ్లు అత్తమ్మా. మస్తు నీళ్లు. ఎర్రమట్టి. అవతలి ఒడ్డున ఒకామె ఉన్నది. నల్లటి మనిషి. నన్ను చేతితోటి పిలుస్తాంది. ఆమె..."

"స్తోత్రం! స్తోత్రం తండ్రీ! ఓ కరుణా, ఇటు రా బిడ్డా!"

కరుణాకర్ పరుగున వచ్చాడు. "నీళ్లు, ఎర్రమట్టి, నల్లటి మనిషి" అని దీనమ్మ చెప్తుండగానే ఆ తడి నేల మీద మోకాళ్ల మీద కూలబడ్డాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కెజియా ఎగిరి గంతులేసింది. దీనమ్మ పాట ఎత్తుకుంది.

దేశాయిపేటకూ ఆఫ్రికాకూ మధ్యలో నల్లటి మనుషులే పుట్టనట్టు, ఆ ఒక్క మాట పట్టుకుని ఇల్లంతా విమానం ఎక్కేసింది. సుభాషిణి తన చెయ్యి చూసుకుంది. అది కూడా ఆ రంగే.

మిగిలింది చెప్పాలని నోరు తెరిచింది. కరుణాకర్ తలెత్తి ఆమెను చూశాడు. ఆదివారం తరువాత అదే మొదటిసారి చూడడం. ఆ కళ్లలో అంత వెలుగు చూశాక ఆమె నోరు పెగల్లేదు. పైగా ఆయన, ప్రతిదానికీ ఎందుకు, ఎట్ల అని అడిగే లెక్కల మాస్టారు, ఆమె ఎవరు అని అడగలేదు.

ఆమె ఎవరో సుభాషిణికి తెలుసు.

చిలుకమ్మ. పెళ్లికి ముందు ములుగు అవతల అడవిలో, వాగు పక్కన ఒక ఊళ్లో సుభాషిణి మొదటి ఉద్యోగం. అక్కడ కాన్పులకు తోడు వచ్చేది చిలుకమ్మే. వాగు పొంగితే సుభాషిణి చెయ్యి పట్టుకుని దాటించేది. నీళ్లను చూడకు, అవతలి ఒడ్డును చూడు అనేది. పెళ్లి కుదిరి ఉద్యోగం మానేసి వస్తుంటే చిలుకమ్మ ఏడవలేదు. "మల్లొస్తవా?" అని మాత్రం అడిగింది. "వస్త" అంది సుభాషిణి. అందరూ అన్నట్టే అంది.

మేడారం జాతర వచ్చినప్పుడల్లా ఎవరిదో ఫోను నుంచి చిలుకమ్మ గొంతు వినపడుతుంది. "లోకమంత మా దిక్కే వస్తాంది నర్సమ్మా. బస్సులన్ని చూస్తాన. నువ్వొక్కదానివే దిగుతలేవు." ఊరికి నర్సు కావాలని అడగదు. కాన్పుల్లో పిల్లలు పోయిన సంగతి అడిగితేనే చెప్తుంది.

ఈ సంగతులన్నీ కరుణాకర్‌కు సుభాషిణే చెప్పింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

*

సాయంత్రానికి కల ఊరంతా తిరిగొచ్చింది.

సంఘంలో స్త్రీల సమాజానికి కార్యదర్శి స్నేహలత. మంచి మనిషే గానీ నోట్లో నువ్వు గింజ నానదు. ప్రార్థన గ్రూపులో సంగతి పెట్టేసి, అరటిపళ్లు తీసుకుని తానే వచ్చింది.

"అక్కా, పడవల ఎంతమంది ఉన్నరు?"

"పడవ లేదు స్నేహా."

"లేదా? గ్రూపుల పడవ అని పెట్టిన నేను." స్నేహలత ఒక్క క్షణం కలవరపడి, వెంటనే సర్దుకుంది. "ఉండే ఉంటది. నీకు కనపడకపోవచ్చు. అంత నీళ్లున్నంక పడవ లేకుండ ఉంటదా?"

"వాగుల పడవ ఏముంటది?"

"వాగు కాదక్కా, సరస్సు."

పొద్దుగూకేసరికి ఆ కలలో డప్పులు వచ్చాయి. తలకు రంగురంగుల గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్లు వచ్చారు. కరుణాకర్ కలలోని పిల్లలు పలకలతో సహా ఈ ఒడ్డుకు వచ్చేశారు. తన కలను ఇతరుల నోట వింటుంటే, పెళ్లికని అరువిచ్చిన చీరను ఇంకొకరి ఒంటి మీద చూసినట్టు ఉంది సుభాషిణికి. తనదే, కానీ అడగడానికి లేదు.

కరుణాకర్ ఆవకాయ డబ్బాను సూట్‌కేసులో పెట్టేశాడు. ఈసారి తీయలేదు. ఈల వేస్తూ పెట్టాడు.

*

శనివారం మధ్యాహ్నం దీనమ్మ నూనె గిన్నె పట్టుకుని వెనక వసారాలోకి వచ్చింది.

"కూసో బిడ్డా. రేపు అందరి ముంగట నిలబడతవు. తల పీచు లెక్క ఉన్నది."

సుభాషిణి మెట్టు మీద కూర్చుంది. పై మెట్టు మీద దీనమ్మ. గోరువెచ్చటి నూనె నడినెత్తిన పడి కిందికి జారుతోంది. అత్త వేళ్లు నిదానంగా తిరుగుతున్నాయి. ఎండ తీగ మీద నుంచి దిగి చాప మీదికి వస్తోంది. ఇలాగే నిద్రపోతే మళ్లీ ఆ వాగు వస్తుందేమో అనిపించింది సుభాషిణికి. కళ్లు మూసుకుంది.

"చిలుకమ్మ ఎట్లున్నది?" అంది దీనమ్మ.

సుభాషిణి తల తిప్పబోయింది. అత్త రెండు చేతులతో ఆ తలను మళ్లీ ముందుకు తిప్పింది.

"నిద్రల పేరు పెట్టి పిలిచినవు. 'వస్తాన చిలుకమ్మా, ఆగు' అన్నవు. తలుపుకాడ నిలబడి విన్న."

"మరి... స్తోత్రమంటివి కద అత్తమ్మా?"

"అన్న." దువ్వెన పాపిట తీసింది. "ఎరుక ఉండే అన్న."

గోడ అవతల పక్కింటి వాళ్ల మిక్సీ తిరిగి ఆగింది.

"నా కొడుకు మొఖం చూసినవా ఈ వారమంత? నేను చూడలేకపోయిన. వాడు కడుపుల ఉన్నప్పుడే దేవుని పనికి ఇస్తనని మొక్కుకున్న. మొక్కుకుని ఊరుకున్న, చదివించిన, నౌకరి చేయించిన. ఇన్నేండ్లకు వాడే పోత అన్నడు. ఇప్పుడు నువ్వా పేరు చెప్తే వాని పిలుపు ఏమైతది?"

"నా పిలుపు ఏమైతదత్తమ్మా?"

అడిగాక గానీ సుభాషిణికి తెలియలేదు, తాను 'నా పిలుపు' అన్నదని. వారం రోజులు ఇల్లంతా కాచుకున్న మాట, ఎవరికీ అక్కరలేని చోట నోట్లోంచి వచ్చింది.

దీనమ్మ చేతులు ఆగిపోయాయి.

"దేవుడు ఒక్కింట్ల ఇద్దర్ని రెండు దిక్కులకు ఎందుకు పిలుస్తడు?" అంది చివరికి. కోడల్ని అడిగినట్టు లేదు. "ఆయనకు మాత్రం తెల్వదా, కాపురమని ఒకటుంటదని?"

"ఆయన పిలిచిండో లేదో నాకెట్ల తెలుస్తది? పిలిచింది చిలుకమ్మ."

"కరుణకు తెల్వదనుకుంటానవా? ఆమె ఎవలు, ఎట్లున్నది అని వాడు నిన్ను అడిగిండా?"

"అడగలే."

"ఎందుకడగలేదో నువ్వే ఆలోచించుకో."

జడ అల్లడం మొదలుపెట్టింది. చాలా బిగువుగా అల్లుతోంది. సుభాషిణికి నొప్పి పుడుతోంది.

"ఆ ఒక్క పేరు చెప్పకు బిడ్డా. నీళ్లు అను, ఒడ్డు అను, ఒకామె పిలిచింది అను. అన్ని నిజాలే కద. ఒక్క అబద్ధం ఉండదు. నీ పాపం ఉంటే నా మీద పడని."

రబ్బరు చుట్టి, జడను కోడలి భుజం మీదుగా ముందుకు వేసింది. గిన్నె తీసుకుని లేస్తూ, అడగకుండా ఉండలేకపోయింది కాబోలు, ఇంకో మాట అంది.

"కాన్పులకు ఇప్పుడు ఎవలొస్తాన్రట ఆ ఊరికి?"

"ఎవలు వస్తలేరట."

దీనమ్మ తల ఊపి లోపలికి వెళ్లింది. గిన్నెలో నూనె ఇంకా సగం ఉంది.

*

ఆదివారం పొద్దున అద్దం ముందు కరుణాకర్ టై కట్టుకుంటున్నాడు. వెనక సుభాషిణి చీర కుచ్చిళ్లకు పిన్ను పెట్టుకుంటోంది. అద్దంలో ఇద్దరూ కనపడుతున్నారు.

"ఏం చెప్తవు?" అన్నాడు.

"కల చెప్త."

"అంతా?"

పిన్ను ఆమె వేలికి గుచ్చుకుంది. అయితే ఈయనకు తెలుసు. శుక్రవారమే తెలుసు. తడి నేల మీద మోకరించి ఏడ్చినప్పుడు కూడా తెలుసు. కోపం రావలసింది, జాలి వచ్చింది. ఆయన ఆ ఏడుపు ఏ దేవుడి ముందు ఏడ్చాడో అనుకుంది.

"కెజియా డాడీ, నన్ను ఒక్కటి అడుగు. ఒక్కటే. ఆమె ఎవలని అడుగు. ఇక్కడ్నే చెప్త, మందిరంల చెప్పే పని లేకుంట."

కరుణాకర్ టై ముడి విప్పాడు. మళ్లీ మొదటి నుంచి కట్టడం మొదలుపెట్టాడు.

"టైం అయితాంది" అన్నాడు.

*

మందిరం నిండిపోయింది. ఎడమవైపు ఆడవాళ్లు, కుడివైపు మగవాళ్లు, మధ్యలో గుమ్మం దాకా సన్నటి దారి. గోడకు సండే స్కూలు పిల్లలు కట్టిన ప్రపంచ పటం. వరంగల్ దగ్గర ఒక గుండుసూది, మలావీ దగ్గర ఒకటి, రెంటినీ కలుపుతూ ఎర్ర ఊలు దారం. సముద్రం మీద దారం కొంచెం వేలాడుతోంది.

పాస్టర్ సారంగపాణి పిలిచాడు. సుభాషిణి వెళ్లి మైకు ముందు నిలబడింది.

"చెప్పమ్మా. దేవుడు ఏం చూపించిండు?"

"నీళ్లు చూపించిండు."

"స్తోత్రం" అంది సంఘం.

"ఎర్రటి నీళ్లు. నేను ఇవతల ఉన్న. అవతలి ఒడ్డున ఒకామె ఉన్నది."

"స్తోత్రం!"

"ఆమె ఎనక ఇంక మస్తుమంది ఆడోళ్లున్నరు. చంకల పిల్లలున్నరు. ఆమె చెయ్యెత్తి పిలిచింది నన్ను. నేను నీళ్లల్ల కాలు పెట్టిన. భయం కాలేదు. మస్తు సంతోషమైంది."

"హల్లెలూయ!" అని స్నేహలత గొంతు అందరికంటే పైకి లేచింది. ముందు వరసలో కెజియా రెండు చేతులూ గట్టిగా ముడుచుకుని అమ్మనే చూస్తోంది. దీనమ్మ కళ్లు మూసుకుని ఉంది, పెదవులు కదులుతున్నాయి. కుడివైపు కరుణాకర్ తల వంచుకున్నాడు. నున్నగా దువ్విన ఆ తల మధ్యలో జుట్టు పలచబడిన చోటు సుభాషిణికి కనపడుతోంది. ఆ చోటు మీద చెయ్యి పెట్టాలనిపించింది.

ఇక్కడ ఆగిపోవచ్చు. ఒక్క అబద్ధం లేదు. అత్త చెప్పినట్టు అన్నీ నిజాలే.

పాస్టర్ సంతోషంగా తల ఊపాడు. తల మీద చేతులుంచి ప్రార్థన చేయడానికి పెద్దలను పిలవబోతూ, పాపం మంచితనం కొద్దీ, ఇంకొక్క మాట అడిగాడు.

"పిలిచిన ఆ తల్లి ఏ దేశపు మనిషో, అది కూడ దేవుడు నీకు తెలియజేసిండా అమ్మా?"

'ఆ' అంటే చాలు. ఒక్క అక్షరం.

ఏదో వాసన వచ్చినట్టయింది సుభాషిణికి. మందిరంలో మల్లెపూలు, సెంటు, కొత్త చీరల గంజి. వాటి కింద, ఎక్కడి నుంచో, ఇప్పపూలు. నీళ్లను చూడకు, అవతలి ఒడ్డును చూడు అని ఎవరో చెయ్యి పట్టుకున్నారు.

"ఆమె నాకు ఎరుకే అయ్యగారూ" అంది. "ఆమె పేరు చిలుకమ్మ. మన ములుగు అవతల, వాగు ఒడ్డుకు ఉంటది. మల్లొస్తనని చెప్పి వచ్చిన. ఇంకా చూస్తాంది."

అలవాటు కొద్దీ సగం మందిరం "స్తోత్రం" అనేసింది.

పటం మీది ఎర్ర దారం ఫ్యాను గాలికి ఊగుతోంది. దీనమ్మ కళ్లు తెరిచింది.

కరుణాకర్ లేచాడు. పక్కవాళ్ల మోకాళ్లు దాటుకుని మధ్య దారిలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ దారికి ఒక కొసన భార్య ఉంది. ఇంకో కొసన తెరిచిన గుమ్మం, గుమ్మం బయట చెప్పులు. ఎటు తిరగాలో తెలియని వాడిలా, ఆయన ఇంకా నేలనే చూస్తున్నాడు.